పరికరాల ధ్యాసలో పాటను కోల్పోకుండా వినడం ఎలా

మంచి ధ్వనిని కోరుకోవడంలో తప్పు లేదు. గాయని చరణం ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి, వయొలిన్ తీగ మీద కమాను ఒరుసుకునే గరుకుదనం స్పష్టంగా వినిపించినప్పుడు పాట మనకు మరింత దగ్గరవుతుంది. అయితే పాట సాగుతుండగానే మనసు తర్వాత కొనబోయే యాంప్లిఫయర్ మీదికి పోతున్నదంటే, చెవి సంగీతాన్ని వదిలి లోపాలను వెతకడానికి అలవాటు పడిందన్నమాట. అప్పుడు ముందుగా చూడవలసింది గదిని.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కనుక, 5 మీటర్ల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య దాదాపు 34 హెర్ట్జ్ వద్ద అనునాదం ఏర్పడుతుంది, అంటే ఆ లోతైన ధ్వని గోడల మధ్య తిరిగి తిరిగి బలపడుతుంది. గది నడిమధ్యన కూర్చున్నవారికి ఆ మంద్ర ధ్వని దాదాపు వినిపించదు. గోడకు ఆనుకుని కూర్చున్నవారికి అదే హోరెత్తుతుంది. ఎంత ఖరీదైన కేబుల్ వేసినా ఈ తేడా పోదు. అందువల్ల రెండు స్పీకర్లూ, మీ కుర్చీ సమబాహు త్రిభుజపు మూడు కొనల వద్ద ఉండేలా, ట్వీటర్లు (స్పీకర్లలో సన్నని, హెచ్చు స్వరాలను పలికించే చిన్న భాగాలు) చెవుల ఎత్తుకు వచ్చేలా అమర్చుకోండి. తర్వాత బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి, బేస్ బిగువుగా వినిపించేదాకా స్పీకర్లను గోడ నుంచి జానెడు జానెడు చొప్పున ముందుకు జరుపుతూ వినండి. ఇది ఓపికతో చేయవలసిన పని, కానీ చాలామంది అసంతృప్తి ఇక్కడే తీరిపోతుందని నా నమ్మకం.

రెండు పరికరాలను పోల్చవలసి వస్తే, కాస్త బిగ్గరగా మోగేదే మేలైనదిగా తోస్తుందని గుర్తుంచుకోండి. రెండింటి స్థాయిని కొలిచి సమం చేసి, ఏది మోగుతున్నదో చెప్పకుండా మార్చమని మరొకరిని అడగండి. తేడా పట్టుకోలేకపోతే ఆ కొనుగోలు అవసరం లేదు. పాటల ఫైళ్ల నాణ్యతను చెప్పే అంకెల విషయంలోనూ ఇంతే: 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీలోని 16 బిట్లు (ధ్వని ఒక్కో కొలతను నమోదు చేసే అంకెల నిడివి), 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు తీసే 44,100 కొలతలు) మనిషి వినగలిగే 20 కిలోహెర్ట్జ్ దాకా అందించగలవు. రికార్డింగు, మాస్టరింగు (విడుదలకు ముందు ధ్వనికి చేసే తుది మెరుగు) ఎంత శ్రద్ధగా చేశారన్నదే అంతకంటే ఎక్కువగా వినిపిస్తుంది.

పరీక్షించే సమయాన్నీ, వినే సమయాన్నీ వేరు చేయండి. వినే పూట సెట్టింగుల జోలికి పోకుండా, ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరిదాకా వినండి. పరికరాల గొప్ప చాటే నాలుగైదు పాటలనే తిప్పి తిప్పి వినడం అభిరుచిని కుదించివేస్తుంది. రికార్డింగు పాతదైనా, గరగరలాడినా, మనసుకు నచ్చిన గొంతును పక్కన పెట్టకండి.

ఇంత చేసినా ఏదో లోటు వేధిస్తుంటే, అది ఏ పాటలో, ఏ చోట, ఎలా వినిపించిందో రాసి పెట్టుకోండి. నెల తర్వాత కూడా అదే లోటు అక్కడే వినిపిస్తే, ధ్వనిని అన్నిటికంటే ఎక్కువగా మార్చేవి స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్లు కనుక, మార్పును వాటితోనే మొదలుపెట్టండి.