ఎగ్జిబిషన్ బల్ల మీద కొవ్వొత్తులు సర్దడం

"తాకొచ్చా అండీ?" నా స్టాల్ ముందు ఆగిన వాళ్ళు మొదట్లో చాలామంది అడిగిన మాట ఇది. ఇలా అడిగారంటే బల్ల సరిగ్గా సర్దలేదని అర్థం. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు, నాలుగు ఎగ్జిబిషన్లు పట్టింది.

మాది విజయవాడ భవానీపురం. సోయా మైనం, తేనెమైనం కరిగించి ఇంట్లోనే కొవ్వొత్తులు పోస్తాను. మొదటిసారి ఒక కల్యాణ మండపంలో స్టాల్ తీసుకున్నప్పుడు బల్ల నిండా సందు లేకుండా బొమ్మల కొలువులాగా పేర్చాను. అందరూ బావుందన్నారు, ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒకటి తీస్తే పక్కది పడుతుందేమోనని వాళ్ళ భయం. మధ్యాహ్నం ఒక పెద్దావిడ వరస మధ్యలోంచి రెండు కొనుక్కెళ్ళారు. అక్కడ ఖాళీ ఏర్పడ్డాకే పక్కవాటిని జనం చేతుల్లోకి తీసుకోవడం మొదలైంది. అప్పట్నుంచి ప్రతి వరసలోనూ ఒకటి నేనే ముందుగా తీసేస్తున్నాను. రెండు కొవ్వొత్తుల మధ్య నాలుగు వేళ్ళు దూరేంత జాగా వదలండి. మిగతా సరుకు బల్ల కింద ఉంచుకుని, అమ్ముడైనకొద్దీ పైకి తీయొచ్చు.

ఎత్తులు ముఖ్యం. నాకు మామూలుగా ఇచ్చేది ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న బల్ల. అన్నీ ఒకే మట్టంలో పెడితే నడిచి వెళ్ళేవాళ్ళకు ముందు వరస తప్ప ఏదీ కనబడదు. వెనక చెక్క పెట్టెలు, మధ్యలో పీటలు, ముందు ఉత్త బల్ల, ఇలా మూడు మెట్లు చేయండి. లావుగా, పొడవుగా ఉండేవి పై మెట్టు మీద. వాసన చూసి కొనే గాజు సీసాలు మాత్రం వెనక పెట్టకండి. వాటి కోసం వంగినప్పుడు కొంగు తగిలి ముందు వరస పడుతుంది. అవి మధ్య మెట్టు మీద, అంచుకు దగ్గరగా ఉండాలి. పేర్చడం అయ్యాక అటువైపు వెళ్ళి, కొనేవాళ్ళు నిలబడే చోట నిలబడి చూడండి. నేను ముందు రోజు ఇంట్లో భోజనాల బల్ల మీద ఒకసారి సర్ది ఫోన్లో ఫోటో తీసుకుంటాను. పొద్దున టెన్షన్ ఉండదు.

బల్ల మీద పరిచేది ముదురు రంగు నేత గుడ్డ అయితే మంచిది. నాది మంగళగిరి గుడ్డ, ముదురు నీలం. లేత మైనం దాని మీద బాగా తేలుతుంది. పువ్వుల ప్రింటు గుడ్డ వద్దు, శాటిన్ అసలే వద్దు, జారిపోతుంది. అలంకారం కోసం ఒకసారి కొండపల్లి ఎడ్లబండి బొమ్మ పెట్టాను. వచ్చినవాళ్ళు బొమ్మ ధర అడిగారు. ఇప్పుడు కొవ్వొత్తులు తప్ప ఇంకేమీ పెట్టను.

సువాసనలు కలిసిపోతే ఏదీ సరిగ్గా తెలియదు. మల్లె, సంపెంగ ఒక చివర, నిమ్మగడ్డి ఇంకో చివర పెట్టి, మధ్యలో సువాసన కలపని తేనెమైనం కొవ్వొత్తులు ఉంచుతాను. సీసాలన్నీ మూతలు పెట్టే ఉంచండి. ఎవరైనా అడిగితే మూత తీసి, ఆ మూతనే వాసన చూడమని ఇవ్వండి. సువాసన మూత లోపలే పట్టి ఉంటుంది.

మన ఊరి ఎండ సంగతి. సోయా మైనం రకాన్ని బట్టి 50 డిగ్రీలకు అటూ ఇటూగా కరుగుతుంది, తేనెమైనం 62 నుంచి 64 మధ్య. కరగడానికి చాలా ముందే మెత్తబడుతుంది. ఒక మే నెలలో అద్దాలు మూసిన కారులో గంటసేపు ఉంచిన పొడవు కొవ్వొత్తులన్నీ వంగిపోయాయి. చాలా బాధపడ్డాను, వారం రోజుల పని అది. ఇప్పుడు థర్మోకోల్ పెట్టెలోనే తీసుకెళ్తున్నాను. స్టాల్ ఎంచుకునేటప్పుడు పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి ఎండ ఎక్కడ పడుతుందో చూడండి. ఎండ తగిలితే రంగు కూడా వెలిసిపోతుంది. వేడెక్కే ఫోకస్ లైట్లు కొవ్వొత్తుల నెత్తిన ఉండకూడదు.

వెలిగించి చూపించాలని అనిపిస్తుంది, వద్దు. ఫ్యాన్ గాలికి మంట ఊగి పొగ వస్తుంది, పైగా చుట్టూ కొంగులు, చున్నీలు, పిల్లలు. ఇంట్లో సగం కాల్చిన సీసా ఒకటి పక్కన పెట్టండి. మైనం గోడల వరకూ సమంగా కరిగిందని అందులోనే కనబడుతుంది. అమ్మేవాటి వత్తులు ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించి ఉండాలి.

ధర ప్రతి రకానికీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు. ఎన్ని గంటలు వెలుగుతుందో మీరు కాల్చి చూసుకున్న లెక్కే రాయండి. క్యూఆర్ బోర్డు ఒక పక్క అంచున ఉంటే డబ్బు కట్టేవాళ్ళు చూసేవాళ్ళకు అడ్డం రారు.

ముందు వరసలో ఏముండాలన్నది నెలను బట్టి మార్చండి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మేరీమాత ఉత్సవాలు, అప్పుడు తెల్లవి ముందుకు. దీపావళికి ప్రమిదల్లో పోసిన చిన్న మైనం దీపాలు, ఆరేసి చొప్పున పళ్ళెంలో పెట్టి ముందుకు జరపండి.