బోస్టన్ టీ గొడవని విజయనగరం పిల్లలకి ఎలా చెప్పాలి

మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకి సోషల్ ట్యూషన్ చెప్తాను. అమెరికా స్వాతంత్ర్య పోరాటం మొదటిసారి చెప్పినప్పుడు తేదీలన్నీ వరసగా డిక్టేట్ చేసేశాను. వారానికి స్లిప్ టెస్ట్ పెడితే ఇద్దరు వాషింగ్టన్‌ని ఇంగ్లండ్ రాజుని చేశారు. అప్పుడు పద్ధతి మార్చాను. ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే అమ్మానాన్నలకి కూడా ఇది పనికొస్తుంది.

ముందే అమెరికా మ్యాప్ తీయకండి. బొబ్బిలితో మొదలెట్టండి. 1757 యుద్ధం మన పిల్లలకి తెలిసిందే, బొబ్బిలి మీదకి వచ్చిన బుస్సీ ఫ్రెంచివాడనీ తెలుసు. ఆ మరుసటి ఏడాది విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్లతో చేరి చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ల మీదకి వెళ్లాడు. అదే రోజుల్లో అమెరికాలోనూ ఇంగ్లీషు, ఫ్రెంచి కొట్లాటే జరుగుతోంది. 1763లో సంధి కుదిరింది. ఇంగ్లండ్ గెలిచింది గానీ అప్పుల్లో కూరుకుపోయింది. అమెరికాలో ఉంచిన సైన్యం ఖర్చు కొంత అక్కడి కాలనీలే పెట్టుకోవాలంది.

ఇక్కడ బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, పైన 1765 అని రాయండి. ఎడమవైపు స్టాంపు చట్టం, అంటే అమెరికా కాలనీల్లో కాగితాల మీద ఇంగ్లండ్ వేసిన పన్ను. కుడివైపు, ఉత్తర సర్కారులని, అంటే మన కోస్తా ప్రాంతాలని, ఈస్ట్ ఇండియా కంపెనీకి ఇస్తూ మొఘల్ చక్రవర్తి రాసిన ఫర్మానా. అందులో శ్రీకాకుళం సర్కారు ఒకటి. ఒకే ఏడాది, రెండు చోట్లా ఇంగ్లీషువాళ్లే! పిల్లలు పుస్తకంలోంచి తలెత్తేది ఇక్కడే.

స్టాంపు చట్టానికి చిన్న ఆట చాలు. ఆ రోజు నోట్‌బుక్‌లో పేజీ తిప్పినవాడల్లా నాకు రూపాయి ఇవ్వాలంటాను. పావుగంటలో గొడవ మొదలవుతుంది. "మమ్మల్ని అడక్కుండా రూలెలా పెడతారు మాస్టారూ?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటనే బోర్డు మీద రాసేయండి. కాలనీల వాళ్ల వాదన అదే: పార్లమెంటులో మా ప్రతినిధి లేడు, మా మీద పన్ను వేయడానికి మీరెవరు? (రూపాయిలు తిరిగిచ్చేయడం మర్చిపోకండి.) పత్రికలు, కోర్టు కాగితాలే కాదు, పేకముక్కల మీద కూడా ఆ పన్ను పడింది. సంక్రాంతి పేకాట చూసిన పిల్లలకి ఈ ఒక్క ముక్క చెబితే ఇక మర్చిపోరు. గొడవ ముదిరి, 1766లో చట్టం ఎత్తేశారు.

టీ దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఒకసారి ఒక పిల్ల అడిగింది, "ఏటి మాస్టారూ, టీ రేటు తగ్గిస్తే సంతోషించాలి గానీ, సముద్రంలో పారబోయడమేటి?" నిజమే, 1773 చట్టంతో టీ చవకైంది. కంపెనీ గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. దాన్ని తన ఏజెంట్ల చేత నేరుగా అమెరికాలో అమ్ముకోనిచ్చారు. కానీ పౌనుకి మూడు పెన్నీల పన్ను అలాగే ఉంచారు. చవకగా ఉందని కొన్నామంటే, ఆ పన్ను వేసే హక్కు మీకుందని ఒప్పుకున్నట్టే. పైగా స్థానిక వర్తకుల నోట మట్టి. పెద్ద కంపెనీ నేరుగా ఇంటింటికీ అమ్మేస్తే మన కిరాణా కొట్టువాళ్లు ఊరుకుంటారా అని అడగండి, మిగతాది పిల్లలే చెప్తారు.

ఆ ఏడాది డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో కాలనీల వాళ్లు ఓడలెక్కి 342 టీ పెట్టెలు నీళ్లలో పడేశారు. దీన్ని నాటకంగా వేయిద్దామని నేనోసారి బకెట్టూ టీపొడీ తెచ్చాను. బకెట్ తన్నేసి మేడంతా మరకలయ్యాయి, ఇంటి ఓనరుతో చీవాట్లు తిన్నాను. మీరు ఖాళీ డబ్బాలతో కానివ్వండి. అది అస్సాం టీ అనుకుంటారు పిల్లలు. కాదు, చైనాది.

దానికి శిక్షగా ఇంగ్లండ్ బోస్టన్ రేవు మూసేశాక, 1774లో ఫిలడెల్ఫియాలో పెట్టిన ఉమ్మడి సమావేశానికి 13 కాలనీల్లో 12 వచ్చాయి, జార్జియా రాలేదు. యుద్ధాన్ని ఒక్క క్లాసులో ముగించేయండి: 1775 లెక్సింగ్టన్‌లో తొలి కాల్పులు, 1776 జులై 4 స్వాతంత్ర్య ప్రకటన, 1777 సరటోగాలో అమెరికన్ల గెలుపు, తర్వాత ఫ్రెంచివాళ్ల సాయం, 1781 యార్క్‌టౌన్‌లో ఇంగ్లీషు సైన్యం లొంగుబాటు, 1783 సంధి. ప్రకటనలో మనుషులంతా సమానమని రాసిన జెఫర్సన్ దగ్గరే బానిసలున్నారు. అది దాచకండి.

యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కారన్‌వాలిస్ 1786లో కలకత్తాకి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో యుద్ధంలో మన విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయింది అతని హయాంలోనేనని రెండేళ్లు నేను తప్పు చెప్పాను. అప్పటికే అతను వెళ్లిపోయాడు, ఉన్నది జాన్ షోర్.

అందరూ వదిలేసేది దేశం కట్టుకున్న భాగం. పన్ను మీద తిరగబడ్డవాళ్లు మొదట పెట్టుకున్న కేంద్ర ప్రభుత్వానికి పన్ను వేసే అధికారమే లేదు. సైనికుల జీతాల బకాయిలకి కూడా డబ్బుల్లేవు. అందుకే 1787లో మళ్లీ ఫిలడెల్ఫియాలో కూర్చుని రాజ్యాంగం రాసుకున్నారు. చిన్న రాష్ట్రాలకి భయం, పెద్దవాటికి పెత్తనం. చివరికి సెనేట్‌లో అందరికీ రెండేసి సీట్లు, ఇంకో సభలో జనాభాని బట్టి. మన రాజ్యసభ అలా కాదు, ఆంధ్రప్రదేశ్‌కి 11 ఉన్నాయి. ఈ తేడా అడిగి రాయించండి.

మ్యాప్ చివర్న ఇవ్వండి. బోస్టన్ పైన, ఫిలడెల్ఫియా మధ్యలో, యార్క్‌టౌన్ కింద. మూడూ తూర్పు తీరంవైపే, మన భీమిలి, కళింగపట్నంలాగే. పడమర చుక్క పెట్టినవాడి చేత మళ్లీ పెట్టించండి.