కంపెనీ వీపీఎన్‌లో సైట్లు తెరుచుకోవడం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

అమలాపురం, భీమవరం, రావులపాలెం వైపు ఇంట్లో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వీపీఎన్, అంటే ఇంటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి, కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, ఆఫీసు సైటు మాత్రం తిరుగుతూనే ఉంటుంది, అవతల మీటింగ్ మొదలైపోతుంది, ఇక టెన్షన్. ల్యాప్‌టాప్‌ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేసేకంటే అసలు ఎక్కడ ఆగుతోందో చూడండి.

ముందు వీపీఎన్ ఆపేసి ఏదైనా మామూలు సైటు తెరవండి. అదీ రాకపోతే తేడా మీ నెట్‌లోనే ఉంది. కరెంటు పోయి వచ్చాక ఫైబర్ పెట్టెలో ఎర్ర లైటు వెలుగుతుంటే నెట్ వాళ్లకే ఫోన్ చేయాలి. వీపీఎన్ పెట్టినప్పుడు మాత్రమే బయటి సైట్లు ఆగిపోతుంటే, ట్రాఫిక్ అంతా కంపెనీ మీదుగా వెళ్తూ అక్కడి ప్రాక్సీ, అంటే ఏ సైటుకు వెళ్లనివ్వాలో చూసే కాపలా సర్వర్, ఆపేస్తూ ఉండొచ్చు. దాన్ని దాటే ప్రయత్నం చేయకండి, ఉద్యోగానికే ముప్పు. ఐటీ వాళ్లనే అడగండి.

బయటివన్నీ వస్తూ ఆఫీసు సైట్లే రాకపోతే డీఎన్ఎస్, అంటే సైటు పేరును నంబరు అడ్రస్‌గా మార్చే ఏర్పాటు, చూడాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి సైటు పేరు రాయండి. అడ్రస్ రాకపోతే ఐపీకాన్ఫిగ్, స్పేస్, స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టి, వీపీఎన్ తీసి మళ్లీ పెట్టండి. అడ్రస్ వస్తున్నా బ్రౌజర్‌లో తెరుచుకోకపోతే, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది కంపెనీ డీఎన్ఎస్‌ని పక్కనపెట్టి బయట అడుగుతుంది.

తర్వాత ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించండి. దాంతో వచ్చి ఇంటి వైఫైతో రాకపోతే నాకైతే రెండింటి మీద అనుమానం. ఒకటి, అడ్రసుల గొడవ. చాలా ఇళ్ల రౌటర్లు 192.168.1 లేదా 192.168.0 వరసలో ఉంటాయి, ఆఫీసు సర్వర్‌దీ అదే వరస అయితే ల్యాప్‌టాప్ దాన్ని మీ ఇంట్లోనే వెతుకుతూ కూర్చుంటుంది. రౌటర్ అడ్రస్‌ని 192.168.57.1 లాంటిదానికి మార్చండి, కాసేపు ఇంట్లో అందరికీ నెట్ పోతుందని ముందే చెప్పండి.

రెండోది ఎమ్‌టీయూ, అంటే నెట్‌లో వెళ్లే ఒక్కో డేటా ముక్క (ప్యాకెట్) ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దు, దీన్ని ఎవరూ పట్టించుకోరు. లాగిన్ పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ కొట్టాక బిగుసుకుపోతుంది, చాట్ పోతుంది గానీ ఫైలు ఎక్కదు. కాలువ వంతెన కింద ఖాళీ పడవ దూరిపోయి, గడ్డిమోపుల పడవ ఇరుక్కున్నట్టే. సాధారణంగా ప్యాకెట్ హద్దు 1500 బైట్లు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ లైన్లలో 8 పోయి 1492 మిగులుతుంది, వీపీఎన్ తన కవరు చుట్టాక అందులోనూ తగ్గుతుంది. వీపీఎన్‌లో ఉండగా పింగ్‌కి (ఉన్నావా అని అడిగే చిన్న పలకరింపుకి) జవాబిచ్చే ఆఫీసు సర్వర్‌ని ఎంచుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్, హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్, 1400, చివర ఆ సర్వర్ పేరు, మధ్యలో స్పేస్ ఇస్తూ కొట్టి, వెళ్లకపోతే వెళ్లేదాకా సంఖ్య తగ్గిస్తూ, వెళ్తే ఆగేదాకా పెంచుతూ రండి. వెళ్లిన పెద్ద సంఖ్యకు 28 కలిపితే అదే మీ ఎమ్‌టీయూ. మార్చడానికి అడ్మిన్ హక్కులు కావాలి కాబట్టి ఆ సంఖ్య ఐటీ వాళ్లకివ్వండి.

సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే ల్యాప్‌టాప్ తేదీ, టైము సరిచూసుకోండి.

ఇంకా కుదరకపోతే టికెట్ పెట్టండి. "నెట్ స్లో" అని వదిలేయకుండా, ఏ సైటు, ఏ టైముకి, ఏ ఎర్రర్, హాట్‌స్పాట్‌లో ఏమైంది, ఎన్ఎస్‌లుకప్ ఏం చెప్పింది అన్నీ రాయండి. పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఐటీ పేరుతో ఎవరు ఫోన్ చేసి అడిగినా చెప్పొద్దు.