ఇప్పపువ్వు రాలే లోపే: సిరోంచ అడవి అంచు ఊళ్లలో కార్చిచ్చుకు ముందు జాగ్రత్తలు

కాళేశ్వరానికి ఎదురొడ్డున ఉన్న సిరోంచ ప్రాంతంలో ఫిబ్రవరి మధ్య నుంచి జూన్‌లో వానలు పడేదాకా అడవి నేలంతా ఎండుటాకుతో నిండి ఉంటుంది. కాబట్టి ఇంటినీ ఊరినీ కార్చిచ్చు నుంచి కాపాడే ఈ కింది పనులను వీలైనంతవరకు శివరాత్రిలోపు ముగించుకోవడం మేలు.

మన అడవుల్లో మంట చాలావరకు మనిషి చేతి నుంచే పుడుతుంది. ఇప్పచెట్టు కింద పువ్వు స్పష్టంగా కనబడాలని ఆకును తగలబెడతారు. తునికి (బీడీ ఆకు) పొదలు లేత ఆకు వేయాలని నిప్పు పెడతారు. దానికి బదులు ఇప్పచెట్టు కింద ఊడ్చి పాత చీరో, వలో పరిస్తే తెల్లవారుజామున రాలిన పువ్వు మట్టి అంటకుండా చేతికి వస్తుంది. తునికి పొదలను నేలమట్టానికి నరికినా చిగురు వేస్తాయి. అలవాటు మానడం కష్టమే గాని, అందులో నష్టమేమీ లేదు.

ఇంటిని కాల్చేది తరచుగా ఎదురుగా వచ్చే మంట కాదు, గాలికి ముందుగా ఎగిరివచ్చే నిప్పురవ్వ. నిచ్చెన వేసుకుని పైకప్పును ఒకసారి దగ్గరగా చూడండి: గూనపెంకుల సందుల్లో ఏళ్ల తరబడి చేరిన టేకు ఆకు, పిచ్చుక గూటి పీచు, చూరు వాసాల మీద పేరుకున్న పొట్టు కనిపిస్తాయి. రవ్వ పడి రాజుకునేది అక్కడే. లోపల పొగ కనబడేసరికి వాసం అంటుకుని ఉంటుంది. ఆ చెత్తను తీసి, జారిన పెంకులను సరిచేసి, గోడ చుట్టూ 5 అడుగుల మేర ఆకూ గడ్డీ లేకుండా మట్టి కనబడేలా చెక్కాలి. చూరు కింద పేర్చిన కట్టెలను, పిడకలను, గడ్డివామును ఇంటికి కనీసం 30 అడుగుల దూరానికి మార్చాలి. గడ్డి కప్పు ఇళ్లవారు నీళ్లు నిండిన డ్రమ్మును, నిచ్చెనను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి.

ఊరి పని గ్రామసభలో తేల్చుకోవాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 1927 నాటి అటవీ చట్టం ప్రకారం అడవిలో హక్కులున్నవారు మంట ఆర్పడంలో సిబ్బందికి సాయపడాలి. ఊరికీ అడవికీ మధ్య ఆకు ఊడ్చి, గడ్డి చెక్కి, మంట దాటకుండా ఖాళీ నేల పట్టీగా అగ్గిగీత తీయండి. గాలికి మళ్లీ ఆకు చేరుతుంది గనుక వారానికొకసారి ఊడ్చే వంతులు వేసుకోండి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాలు గుర్తించిన మంటల గురించి సందేశాలు పంపుతుంది. ఊరిలో ఇద్దరి ఫోన్ నంబర్లనైనా అందులో నమోదు చేయించండి.

మంట వస్తే ముందు 112కు, అటవీ సిబ్బందికి చెప్పి, పశువుల తలుగులు విప్పి, ముసలివారిని, పిల్లలను దున్నిన చేనులోకి తీసుకువెళ్లాలి. ఆర్పేవారు నైలాన్ బట్టలు కాక నూలు బట్టలు, చెప్పులకు బదులు బూట్లు వేసుకోవాలి. వాలు 10 డిగ్రీలు పెరిగితే పైకి ఎక్కే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది. గుట్ట మీద మంటకు పైవైపున ఎవరూ నిలబడకూడదు. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచాలి, పసుపు గాని పేస్టు గాని పూయకూడదు.

ఆరిపోయిందనుకున్న మొద్దు లోపల నిప్పు రోజుల తరబడి ఉంటుంది. మరునాడు పొద్దున్నే వెళ్లి, అరచేతి వెనుక భాగాన్ని తాకకుండా దగ్గరగా పెట్టి వేడి చూసి, వెచ్చగా ఉన్నచోట బూడిదను కెలికి నీళ్లు పోయండి.