బతుకమ్మ పూలకు వెళ్లే ముందు

మార్కెట్లో పూలు దొరుకుతాయి. కానీ పిల్లలతో వెళ్లి తెంపుకొచ్చిన తంగేడుతో పేర్చిన సద్దుల బతుకమ్మే నాకు పండుగ.

- వానలకు గడ్డి ఏపుగా పెరిగి ఉంటుంది, పాములుంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. కర్రతో పొదను తట్టాకే చెయ్యి పెట్టండి. పిల్లల్ని ముందు నడవనివ్వొద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా.
- గట్టు మీది గునుగు పూలైనా రైతును అడిగే కోయండి. మందు కొట్టిన చేను దగ్గర అసలు వద్దు.
- తంగేడు కొమ్మలు విరవకండి, పూలగుత్తులు చాలు. తొందరగా వాడిపోతుంది, తడిగుడ్డ పట్టుకెళ్లండి.
- గునుగుకు రంగు అద్దేటప్పుడు గ్లౌజులు.
- చెరువు మెట్లు నాచుతో జారతాయి. బతుకమ్మను వదలడానికి ఈత వచ్చినవాళ్లే నీళ్లలో దిగాలి. టార్చిలైటు మరవొద్దు.