ఇల్లు అమ్మకం నేర్చుకుందాం – 5వ పాఠం: పొరుగువారితో ఉన్న తగాదాను కొనేవారికి చెప్పే పద్ధతి

గత పాఠంలో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరు అయిన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించడం, లింకు దస్తావేజులను, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులను, వరుసగా పేర్చుకోవడం నేర్చుకున్నాము. ఈసీ శుభ్రంగా వచ్చినంత మాత్రాన ఇంటికి చిక్కులేవీ లేవని అనుకోరాదు. అందులో కనబడేవి రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే. పక్కింటివారు మన గోడను ఆనించి వేసిన రేకుల షెడ్డు, ఉమ్మడి సందుకు బిగించిన గేటు, వకీలు ద్వారా వచ్చిన నోటీసు, చివరికి కోర్టులో నడుస్తున్న హద్దు దావా సైతం సాధారణంగా అందులోకి ఎక్కవు. ఈ పాఠం ముగిసేసరికి మీ ఇంటి తగాదాల్లో తప్పక చెప్పవలసినది ఏదో గుర్తించి, దానిని ఆరేడు వాక్యాల్లో కాగితం మీద పెట్టగలగాలి.

ముందుగా చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవారి బాధ్యతలను చెబుతుంది. ఆస్తిలో గాని, దానిపై హక్కులో గాని ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా వారికి దొరకనిదైతే, అమ్మేవారు దానిని బయటపెట్టి తీరాలి. బయటపెట్టకపోవడాన్ని అదే సెక్షన్ మోసంగా పరిగణిస్తుంది. ఆస్తి గురించి, హక్కు గురించి కొనేవారు అడిగిన ప్రశ్నలకు తనకు తెలిసినంతవరకు జవాబివ్వడం కూడా అమ్మేవారి బాధ్యతే. ఇంగ్లండులో ఇల్లు అమ్మేవారు సాధారణంగా టీఏ6 అనే ఫారం నింపుతారు. పొరుగువారితో తగాదాలు, ఫిర్యాదులు ఉన్నాయా అన్న ప్రశ్న అందులోనే ఉంటుంది. మనకు అటువంటి ఫారం లేదు కనుక ‘వాళ్లు అడగలేదు, మేము చెప్పలేదు’ అనడం అలవాటైపోయింది. పైన చెప్పిన రకం లోపం విషయంలో ఆ మాట నిలవదు.

అయితే ప్రతి గొడవా లోపం కాదు. పక్కింటావిడ మీ గడప ముందు నీళ్లు చల్లుతుందనో, ఎదురింటి అబ్బాయి బండిని మీ గేటుకు అడ్డంగా పెడతాడనో ఒప్పందంలో రాయవలసిన పని లేదు. మీరు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన తరువాత కూడా ఆ తగాదా ఇంటితోపాటే ఉండిపోతుందా అని ప్రశ్నించుకోండి. హద్దు, ఉమ్మడి గోడ, నడక దారి, మురుగు, వాననీరు, కిటికీల గాలి వెలుతురు: ఇవి మనుషులు మారినా పోవు. మనుషుల మధ్య పొసగకపోవడం వారితోనే పోతుంది. ఈ రెండింటి నడుమ అనుమానం కలిగిన ప్రతిసారీ చెప్పడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు అభ్యాసం కోసం ఒక ఇంటిని ఊహించుకుందాము. నెల్లూరు మూలాపేట వంటి పాత పేటలో 30 అంకణాల స్థలం; అంకణానికి 72 చదరపు అడుగుల చొప్పున 2,160 చదరపు అడుగులు. మిద్దె మీది వాననీరు పడమటి గోడకున్న గొట్టం గుండా పక్కవారి దొడ్డిలో పడి, అక్కడి నుంచి వీధి కాలువకు పోతూ వచ్చింది. పక్క స్థలాన్ని కొత్తవారు కొన్నారు. వారు దొడ్డంతా చప్టా చేయించి, మీ గొట్టం మూతికి సిమెంటు పూశారు. కార్తీక మాసపు వానలకు మిద్దె మీద నీరు నిలిచి, పడకగది పైకప్పు చెమ్మగిల్లి, సున్నం పెచ్చులుగా ఊడింది. మీరు సిమెంటు కొట్టించి గొట్టాన్ని తెరిపించారు. వారు వకీలు నోటీసు పంపారు. అది మీ బీరువాలో ఉంది. ఫాల్గుణంలో మీరు ఇంటికి వెల్ల వేయించి అమ్మకానికి పెట్టారు.

నెల్లూరు, ఒంగోలు వైపు మన జిల్లాల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడతాయి. 2021 నవంబరు వరదలను నెల్లూరు ఇంకా మరచిపోలేదు. ఇళ్లు చూసుకునేవారు మాత్రం ఎక్కువగా ఎండాకాలంలో తిరుగుతారు. వచ్చినవారికి ఎండిన గొట్టం, తెల్లటి పైకప్పు తప్ప మరేమీ కనబడదు. ఎంత జాగ్రత్తగా చూసినా మార్చి నెలలో నవంబరు నీరు కనబడదు కదా. మీకు తెలుసు, వారికి తెలియదు, మామూలుగా చూస్తే దొరకదు: 55వ సెక్షన్ చెప్పిన మూడు షరతులూ ఇక్కడ కలిశాయి. కనుక ఇది చెప్పవలసిన తగాదా.

ఆ గొట్టం మీద మీకు హక్కు ఉందా అన్నది వేరే ప్రశ్న. ఇతరుల స్థలం మీదుగా దారి, నీరు వంటి సౌకర్యాలను వాడుకునే హక్కును ఈజ్‌మెంటు అంటారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొదటి నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది గనుక నాటి నెల్లూరు జిల్లాకూ వర్తించింది. ఒంగోలు ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 సంవత్సరాలపాటు బహిరంగంగా, ప్రశాంతంగా, ఆటంకం లేకుండా, హక్కుగా వాడుకుంటూ వచ్చిన సౌకర్యానికి హక్కు ఏర్పడుతుంది. ఎదుటివారి అనుమతితో వాడుకున్నది ఈ లెక్కలోకి రాదు. కాబట్టి గొట్టం ఏ సంవత్సరంలో పెట్టారో తెలిపే పాత ప్లాను, దస్తావేజు చెక్కుబందీలో (నాలుగు వైపుల హద్దుల వివరంలో) నీటి దారి ప్రస్తావన, పాత ఫోటోలు వెతికి పెట్టుకోండి. హక్కు ఉందని తీర్పు చెప్పవలసినది కోర్టు. కొనేవారికి మీరు జరిగిన సంగతిని మాత్రమే చెప్పాలి.

అమ్మకానికి పెట్టకముందే పొరుగువారితో రాజీకి ఒకసారి ప్రయత్నించడం మంచిది. అయితే కోపం మీద ఉన్న మనిషి దగ్గరకు నోటీసు చేతబట్టుకుని వెళ్లరాదు. ‘అన్నా, వానలకు ముందే ఈ నీళ్ల సంగతి ఒక దారికి తెచ్చుకుందాం’ అని, ఇరువురికీ కావలసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. గొట్టాన్ని వీధి వైపు తిప్పడానికయ్యే ఖర్చును చెరిసగం భరిద్దామన్న ప్రతిపాదనతో వెళితే, మాట ఎవరిది నెగ్గాలన్న దగ్గర నుంచి ఎంత ఖర్చవుతుందన్న దగ్గరకు సంభాషణ మళ్లుతుంది. హద్దు గొడవైతే లేఅవుట్ ప్లాను, పాత దస్తావేజుల కొలతలు తీసుకుని, ఇద్దరి సమక్షంలో సర్వేయరు చేత కొలిపించి, ఆ పటం మీద ఇద్దరూ సంతకాలు చేయాలి.

కుదిరిన రాజీని నోటిమాటగా వదలరాదు. స్థిరాస్తిలో 100 రూపాయలు, అంతకు పైబడిన విలువగల హక్కును ఇచ్చే లేదా వదులుకునే కాగితానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ అవసరం. కాబట్టి తెల్లకాగితం మీది సంతకాలు చాలవు. మరో దారి లోక్ అదాలత్. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. దావా వేయకముందే అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. రాజీ కుదిరి అవార్డు వస్తే, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ముగిసిన తగాదాను అవార్డు నకలుతో సహా చూపించగలిగితే కొనేవారి అనుమానం చాలావరకు తీరుతుంది.

దావా నడుస్తూ ఉంటే మాత్రం జాగ్రత్త రెట్టింపు కావాలి. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆస్తి హక్కు మీద దావా నడుస్తుండగా కొన్నవారు ఆ దావా తీర్పుకు కట్టుబడవలసిందే. ఈ-కోర్టుల వెబ్‌సైటులో పార్టీ పేరుతో వెతికితే కేసు బయటపడే రోజులివి. దాచి పెట్టడం తెలివైన పని కూడా కాదు.

చెప్పవలసిన సమయం అడ్వాన్సు పుచ్చుకోకముందు. ఇక్కడే బ్రోకరు అడ్డుపడి ‘ఆ సంగతి చెప్పబాకండి సార్, బేరం చెడిపోద్ది’ అంటాడు. అతనికి కమీషను అందాక పని తీరిపోతుంది. దస్తావేజులో ‘సదరు ఆస్తిపై ఎట్టి తగాదాలు, కోర్టు వ్యాజ్యములు లేవు’ అన్న వాక్యాన్ని లేఖరి అలవాటుగా రాసేస్తాడు. దాని కింద పడే సంతకం మీది. ధర కొంత తగ్గవచ్చు, నిజమే. కానీ గొట్టం మళ్లించే ఖర్చు మేరకు తగ్గించుకోవడం, రిజిస్ట్రేషన్ అయ్యాక మోసం దావాకు జవాబు చెప్పుకోవడం ఒకటి కావు.

మనం ఊహించుకున్న ఇంటికి ఒప్పందంలో రాయదగిన పేరా ఇలా ఉంటుంది:

‘షెడ్యూలు ఇంటి పడమటి గోడకున్న గొట్టం ద్వారా మిద్దె వాననీరు పడమటి పొరుగువారి స్థలంలో పడుచున్నది. దీనికి పొరుగువారు అభ్యంతరం తెలిపి, గొట్టమును ఒకసారి మూయించగా మేము తెరిపించినాము. ఆ సందర్భంలో పడకగది పైకప్పు చెమ్మగిల్లి, మరమ్మతు చేయించబడినది. పొరుగువారి వకీలు పంపిన నోటీసు నకలును కొనుగోలుదారుకు ఈ దినమున అందజేసినాము. ఈ విషయమై నేటి వరకు ఏ కోర్టులోనూ దావా దాఖలైనట్లు మాకు తెలియదు. పై సంగతులు తెలుసుకున్న మీదటనే కొనుగోలుదారు ధరకు అంగీకరించినారు.’

ఇందులో పొరుగువారిని నిందించే మాట ఒక్కటీ లేదని గమనించండి. ‘వాళ్లు జగడగొండులు’ అని రాస్తే ఆ కాగితం రేపు మీమీదికే వస్తుంది. పైకప్పు మరమ్మతు సంగతిని చాలామంది వదిలేస్తారు. నా లెక్కలో కొనేవారికి అన్నిటికంటే అవసరమైన వాక్యం అదే.

అభ్యాసం: ఒంగోలులో రెండు ఇళ్ల నడుమ ఆరడుగుల సందు ఉంది. వెనుకింటివారు దానికి గేటు పెట్టి తాళం వేశారు. మీరు పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయగా, ఇది సివిల్ వ్యవహారం, కోర్టుకు వెళ్లమన్నారు. తరువాత గేటు తీశారు గాని కమ్మీలు గోడలోనే ఉన్నాయి. మీ దస్తావేజు చెక్కుబందీలో ‘ఉమ్మడి సందు’ అని ఉంది. వారి దస్తావేజును మీరు చూడలేదు. పై నమూనాను అనుసరించి ఆరు వాక్యాలకు మించకుండా పేరా రాయండి. వారి దస్తావేజు నకలును సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుంచి తెప్పించుకున్న తరువాత, అందులోని హద్దులను బట్టి ఆ పేరాను తిరగరాయండి. ఆరవ పాఠంలో అడ్వాన్సు ఒప్పందంలోని గడువులను తీసుకుంటాము.