స్టోరేజీ కలిపే ముందు ఒక్క పింగ్

గుంటూరు అరండల్‌పేటలో ఒక చిన్న ఆఫీసుకి రెండు ప్రాక్స్‌మాక్స్ (ఒకే మెషీన్లో చాలా వర్చువల్ కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్లు, వాటికి ఉమ్మడిగా ఒక నాస్ (నెట్‌వర్కు మీద పనిచేసే స్టోరేజీ పెట్టె) పెట్టాను. నాస్‌లోని ఫోల్డర్ని సర్వర్లకి కలిపే ఎన్ఎఫ్ఎస్ మౌంట్ అయింది, ఫోల్డర్లూ కనపడ్డాయి. తీరా వీఎం (వర్చువల్ కంప్యూటర్) డిస్కు కాపీ మొదలెట్టగానే బిగుసుకుపోయింది. సాయంత్రం దాకా కేబుళ్లు పీకడం, పెట్టడం. చివరికి చూస్తే సర్వర్లలో, నాస్‌లో ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 9000 ఉంది, మధ్యలో స్విచ్చికి జంబో ఫ్రేములు (మామూలు 1500 కంటే పెద్ద ప్యాకెట్లు) ఆన్ చెయ్యడమే మర్చిపోయాను. చిన్న ప్యాకెట్లు దూరిపోతాయి, పెద్దవాటిని స్విచ్చి చెప్పాపెట్టకుండా పారేస్తుంది.

మీరు ముందే చూసుకోండి. సర్వర్ నుంచి నాస్‌కి, ముక్కలు చెయ్యొద్దనే ఆప్షన్‌తో, సైజు 8972 పెట్టి పింగ్ (అవతలి మెషీన్ జవాబిస్తుందో లేదో చూసే కమాండ్) కొట్టండి. 9000లో ఐపీ హెడరు 20, ఐసీఎంపీ (పింగ్ వాడే ప్రోటోకాల్) హెడరు 8 బైట్లు పోగా మిగిలేది అంతే. జవాబు రాలేదా, దారిలో ఎక్కడో 1500 కూర్చుని ఉన్నట్టే. మీది ఒక గిగాబిట్ నెట్‌వర్కే అయితే జంబో జోలికే పోకండి, నా లెక్కలో ఆ తలనొప్పికి తగ్గ లాభం లేదు.

ఇంకోటి. వేగం కోసం నాస్ ఎక్స్‌పోర్టులో (ఫోల్డర్ని పంచే సెట్టింగులో) అసింక్ పెట్టకండి. డేటా డిస్కుకి చేరకముందే నాస్ రాసేశానని చెప్పేస్తుంది. మే నెలలో మన కరెంటు సంగతి తెలిసిందేగా! సింక్ ఉంచి, నాస్‌ని కూడా యూపీఎస్ మీదే పెట్టండి. ప్రింటర్‌ని మాత్రం దాని మీంచి తీసెయ్యండి.